నాచారం గాలి మీద నేను వేసిన నింద

ఒక ఆదివారం మధ్యాహ్నం నాచారంలో ఒక మూడంతస్తుల బిల్డింగు పునాదులతో సహా పైకి లేచి, ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ మీద కాసేపు కూర్చొని అలుపు తీర్చుకొని, ఘట్‌కేసర్ అవతల ఎవరిదో కందిచేలో దిగవలసి ఉండింది. దిగలేదు. దిగకపోవడానికి నేను కారణం కాదు. లేవబోవడానికి మాత్రం సర్వహక్కులతో నేనే కారణం.

నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వే ముందు ఒకసారి మీ వంటింట్లోకి వెళ్లి గ్యాస్ సిలిండర్ నాబ్ ఎటు తిరిగి ఉందో చూసి రండి. వచ్చారా? అయితే మొదలుపెడతాను.

మా ఆవిడ రాధిక. ఆమెకొక అక్క ఉంది, సువర్ణ. నాకు వదిన. ఈ అక్కాచెల్లెళ్లు రోజూ ఫోన్లో మాట్లాడుకునే మాటల్ని దారంలా సాగదీస్తే అంబర్‌పేట్‌లో వాళ్లింటి నుంచి నాచారంలో మా ఇంటి దాకా వచ్చి, తిరిగి వెళ్లి, మిగిలిన దాంతో మూసీ నదికి ఒక స్వెటర్ అల్లొచ్చు. వదినావాళ్లు ఉండే గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింట్లో తుమ్మితే వీళ్లింట్లో 'చిరంజీవ' అనేవాళ్లు. అందుకని ఇల్లు మారదామని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే మా పక్క ఫ్లాటు ఖాళీ అయింది. మామూలు పక్క కాదు, మా వంటింటికీ దానికీ ఒకే గోడ.

"అక్క గోడవతలికి వస్తే నాకింక ఏమొద్దు" అంది రాధిక. ఆమె 'ఏమొద్దు' అనడం పెళ్లయిన తర్వాత నేను వినడం అదే మొదలు. "ఆదివారం అక్కా బావా ఇల్లు సూడనీకి వస్తున్నరు. బగారా అన్నం, కోడికూర చేస్త. నువ్వు మాత్రం ఏం చెయ్యకు."

"ఏం చెయ్యకపోవుడంటే?"

"ఏం చెయ్యకపోవుడంటే ఏం చెయ్యకపోవుడే. సోఫాల కూసో. నవ్వు. జర తక్కువ మాట్లాడు. అక్క వద్దని మర్లిపోయిందంటే సూడు మల్ల, ఆమె ఎన్క నేను గూడ పోత."

ఇందులో ఒక అడ్డంకి ఉంది. దాని పేరు మల్లేశన్న ముక్కు. మల్లేశన్న అంటే వదిన భర్త, నాకు సడ్డకుడు. ఆయన్ని తయారుచేసేటప్పుడు దేవుడు ముందు ముక్కు పెట్టి, మిగతా ముఖం సామానంతా దాని చుట్టూ ఖాళీ ఉన్నచోట సర్దాడు. పక్క వీధిలో పెళ్లయితే పప్పులో ఇంగువ వేశారా లేదా చెప్పగలడు. అలాంటి మనిషి నాచారం పేరు వినగానే అన్న మొదటి మాట, "నాచారమా? ఆడ వాసనొస్తది గదా తమ్మీ!"

మీకు తెలియనిదేముంది. మాది ఫ్యాక్టరీల పక్కన పెరిగిన ఊరు. ఒక గాలికి బిస్కెట్ల వాసన, ఇంకో గాలికి మందుల వాసన. వానాకాలంలో ఉత్తరపు గాలి మళ్లిందంటే అందరం తల పైకెత్తి, కళ్లు మూసుకొని, ఒకటే మాట అంటాం: "జవహర్‌నగర్." ఊరి చెత్తంతా పోసేది అక్కడే కాబట్టి, ఇక వాసన ఎక్కణ్నుంచి వచ్చినా నేరం దానిదే. ఇంట్లో ఎలుక చచ్చినా జవహర్‌నగరే. నేను సాక్సులు విప్పినా జవహర్‌నగరే. అసలు దోషిని వెతికే అలవాటే మా వాళ్లకు పోయింది.

అయినా నేను వెనక్కి తగ్గే మనిషినా? మల్లేశన్నకు ఫోన్లో చెప్పాను. "అన్నా, ఎప్పటి ముచ్చట జెప్తున్నవ్? ఇప్పుడు నాచారం గాలంటే ఏమనుకున్నవ్? ఊటీ గాలిని ఇస్త్రీ జేసి పంపిస్తున్నరు."

"నిజంగనా?"

"వచ్చి పీల్చి సూడు. మల్ల అంబర్‌పేట్ గాలి నీకు ఎక్కదు."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నారు పెద్దలు. మనం పల్లకీ ముందే ఎక్కేశాం. ఈగల సంగతి తర్వాత తెలిసింది.

ఆదివారం వచ్చింది. రాధికకు ఆ వారమంతా జలుబు. ముక్కు ముఖానికి అలంకారం తప్ప ఇంకెందుకూ పనికిరాని దశ. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని పొద్దున్నుంచి నాకు గరిటెలు అందిస్తోంది. నేను ఉప్పు చూస్తూ చూస్తూ ఒక కోడి కాలు పూర్తిచేశాను. కూర దిగింది, బగారా దిగింది. పచ్చిపులుసుకు పొయ్యితో పనే లేదు. భోజనాల తర్వాత పెట్టాల్సిన చాయ్ ఒక్కటే మిగిలింది. బగారా గిన్నె దించుతుండగానే పొయ్యి మీద మంట ఒకసారి ఎగిసి, ఒకసారి మూలిగి, ప్రాణం విడిచింది.

"గ్యాస్ అయిపోయింది" అంది రాధిక. "ఆగు, చీర మార్చుకొచ్చి కొత్త సిలిండర్ వెడ్త."

"నేను వెడ్త."

"నువ్వా?"

ఆ ఒక్క మాటలో మా సంసారం చరిత్ర మొత్తం ఉంది. మా ఇంట్లో సిలిండర్ మార్చేది ఎప్పుడూ ఆమే. నేను దూరం నుంచి "జాగ్రత్త" అంటాను. అదే నా వాటా. కానీ ఆ రోజు నాలో మగతనం, కోడికూర రెండూ కలిసి పనిచేశాయి.

"నీకు జలుబు. బరువు లేపితే ముక్కు ఊడి కింద పడ్తది. పో, తయారుకా" అన్నాను.

ఇక్కడ మా సిలిండర్ల నివాసం గురించి చెప్పాలి. ఆ మధ్య మా వంటింటికి మాడ్యులర్ జ్వరం వచ్చింది. సిలిండర్ కనబడితే నామోషీ అని, గట్టు కింద చెక్క అల్మారా చేయించి, అందులో దాన్ని దాచాను. "గాలి ఆడనీకి కింద జాలీ వెట్టిద్దాం" అంది రాధిక. "జాలీ వెడ్తే అల్మారా అందం పోతది, కోళ్ల గూడు లెక్క కనవడ్తది" అన్నాను నేను. సీసాకు బిరడా బిగించినట్టు తలుపులు బిగించాం. నిండుగా ఉన్న రెండో సిలిండర్ నిలబెడితే లోపలి చెక్క అరకు తగులుతోందని అదే అల్మారాలో పక్క మీద పడుకోబెట్టాను. నిలబడి నిలబడి దానికి మాత్రం కాళ్లు గుంజవా, చెప్పండి?

ఆ నిద్రపోతున్నదాన్ని లేపి నిలబెట్టాను. దారం లాగి మూత తీశాను. తీసి లోపలికి తొంగిచూస్తే, ఇత్తడి మూతి లోపల ఒక నల్లని రబ్బరు రింగు ఇరుక్కొని ఉంది.

నేను నవ్వుకున్నాను. 'చూశావా, ఇంత పెద్ద కంపెనీ, ఇంత నిర్లక్ష్యం! ఫ్యాక్టరీలో ఎవడిదో రబ్బరు ముక్క లోపల పడింది, ఎవరూ చూసుకోలేదు. నా కంటికి చిక్కింది' అనుకున్నాను. రాధిక జాకెట్ పిన్నీసు ఒకటి గట్టు మీద ఉంటే, దాంతో డాక్టర్ గారు ముల్లు తీసినట్టు నేర్పుగా, ఓర్పుగా, ఆ రింగును పెకలించి బయటికి తీశాను.

అమ్మలారా, ఆగండి, ఇప్పుడే తల పట్టుకోకండి. ఇంకా చాలా ఉంది.

ఆ రింగే గ్యాస్ బయటికి రాకుండా కాపలా కాసే సిపాయి అని లోకంలో అందరికీ తెలుసు, నాకు తప్ప. దాన్ని చెత్తబుట్టలో వేశాను. అంతలో కింద చెత్త ఆటో పాట పెట్టుకొని వచ్చింది. ఎన్నడూ లేనిది, ఆ రోజే నేను పరుగెత్తి వెళ్లి చెత్త ఇచ్చి వచ్చాను. మన తెలివితక్కువతనానికి ఎప్పుడూ తోడుగా మన చురుకుదనం కూడా పనిచేస్తుంది. అదే దరిద్రం.

వచ్చి రెగ్యులేటర్ బిగించాను. టక్కుమంది.

"టక్ అన్నదా?" పడకగదిలోంచి రాధిక అరిచింది.

"అన్నది! మస్తు అన్నది! గల్లీ చివరి దాకా ఇనవడ్డది!"

చాయ్‌కి సిద్ధంగా ఉంటుందని నాబ్ కూడా తిప్పి పెట్టాను. లోపల సన్నగా 'సుయ్' మని ఏదో చప్పుడు. కొత్త కోడలు గదా, కొత్తింట్లో నిట్టూరుస్తోందనుకున్నాను. ఆమె ఏకాంతానికి భంగం కలగకుండా అల్మారా తలుపులు దగ్గరికి వేసి, హాల్లోకి వచ్చి, సోఫాలో కూర్చొని, నవ్వడం మొదలుపెట్టాను. ఇల్లలకగానే పండగ కాదంటారు. సిలిండర్ మార్చగానే వంట కూడా కాదని ఎవరూ చెప్పలేదు.

వాన చినుకులతో పాటే వదిన, మల్లేశన్న వచ్చారు. వాళ్లు చెప్పులు విప్పుతుండగానే కరెంటు పోయింది. ముసురు పట్టిందంటే మా దగ్గర మొదట తడిసేది కరెంటే.

"ముందు ఇల్లు సూస్త, తర్వాతనే తిండి" అని వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పక్క ఫ్లాటు తాళంచెవి ఓనరు మా దగ్గరే పెట్టి పోయాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ తాళంచెవి పట్టుకొని పక్కింటికి పోయారు. పోతూ పోతూ రాధిక నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థం, 'సోఫా'.

మల్లేశన్న కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు ఆ ముక్కు మెల్లగా, ఎయిర్‌పోర్టులో రాడార్ లాగా, కుడి నుంచి ఎడమకు తిరిగింది.

"తమ్మీ."

"చెప్పన్నా."

"ఏందో వాసనొస్తున్నది."

నాకూ వస్తోంది మరి. కుళ్లిన కోడిగుడ్డును పాత ఉల్లిగడ్డతో పెళ్లిచేసినట్టు ఒక కంపు. 'ఓరి జవహర్‌నగరూ! ఇంతకాలం ఓర్చుకున్నావు, ఈ ఒక్క పూట ఆగలేకపోయావా?' అని మనసులోనే తిట్టుకున్నాను. వంటింటి వైపు అనుమానం పోలేదా అంటే, ఎందుకు పోతుంది? వంటింట్లో సిలిండర్ బిగించింది నేను. టక్కుమంది కూడా.

"వాసనా? నాకేం వస్తలేదే" అన్నాను, శ్వాస బిగబట్టి.

"నీకెట్లొస్తది? అలవాటైపోయినవ్. మా సువర్ణకు ముందే చెప్పిన, నాచారం వద్దే అని."

"అన్నా, అది నాచారందు కాదు. ఉత్తరం గాలి. ఏడాదికి ఒక్కసారి వస్తది. నీ అదృష్టం కొద్ది గీ పొద్దే వచ్చింది. ఆగు, కిటికీలు బంద్ వెడ్త."

ఇదిగో, ఇక్కడే. ప్రపంచంలో ఎక్కడైనా గ్యాస్ వాసన వస్తే మనుషులు కిటికీలు తెరుస్తారు. వాసన అంటే బయటి నుంచే రావాలని పుట్టుకతో నమ్మే నాచారం మనిషి మాత్రం లేచి, గబగబా కిటికీలన్నీ మూస్తాడు. దొంగను ఇంట్లో పెట్టుకొని వీధి తలుపుకు గొళ్లెం పెట్టినట్టు హాలు కిటికీ మూశాను, పడకగది కిటికీ మూశాను, వంటింటి కిటికీ మూసి చిలుకు కూడా వేశాను. బాల్కనీ తలుపు కింద సందు ఉందని, నా లుంగీ తడిపి, పిండి, ఆ సందులో కుక్కాను. తడిలుంగీ కుక్కుతూ మల్లేశన్న వైపు గర్వంగా చూశాను.

"ఇప్పుడు ఎట్లున్నదన్నా?"

"ఎక్కువైంది."

"అంతే అన్నా. పొయ్యేముందు ఎక్కువైతది. పిచికారీ కొడ్త ఆగు."

మల్లెపూల వాసన వచ్చే రూమ్ స్ప్రే ఉండాలి మా ఇంట్లో, పెళ్లిళ్ల సీజన్లో ఎవరో ఇచ్చారు. డబ్బా మీద మంట బొమ్మ, దాని మీద అడ్డగీత. ఆ బొమ్మ ఏమిటో చదివే తీరిక ఎవరికుంది? గదంతా కొట్టాను. మూలమూలనా కొట్టాను. ఇప్పుడు వాసన ఎలా ఉందంటే, కుళ్లిన కోడిగుడ్డు మల్లెపూలు పెట్టుకొని పేరంటానికి వచ్చినట్టుంది.

మల్లేశన్న ముక్కు మూసుకున్నాడు. అంత ముక్కు మూయాలంటే రెండు చేతులూ కావలసి వచ్చాయి.

"తల దిరుగుతున్నది తమ్మీ. గీ ఊళ్లె ఎట్ల బతుకుతున్నరు మీరు? ఊటీ అన్నవ్ గదరా!"

"ఊటీల గూడ చెత్త ఉంటదన్నా."

"అగర్‌బత్తి ముట్టియ్యి. లేకుంటే నేను అంబర్‌పేట్ పోత. సువర్ణకు చెప్పు, కలలో గూడ గీ ఇల్లు వద్దని."

రాధిక ముఖం నా కళ్లముందు మెదిలింది. 'ఆమె ఎన్క నేను గూడ పోత.' లాభం లేదు, అగర్‌బత్తి వెలిగించాల్సిందే. పొద్దున పెట్టిన దీపం ఎప్పుడో కొండెక్కింది, అది మా పూర్వజన్మ పుణ్యం. దేవుడి అర పక్కన అగ్గిపెట్టె తీశాను. అగర్‌బత్తులు ఒక గుప్పెడు తీశాను. ఆపద పెద్దది గదా, ఒకటీ రెండూ ఏం సరిపోతాయి?

మొదటి పుల్ల గీశాను. వానకు మెత్తబడి ఉందేమో, తల ఊడి కింద పడింది.

"ఏం అగ్గిపెట్టె తమ్మీ గిది?"

"ముసురు గదన్నా, సల్లవడ్డది."

రెండో పుల్ల గీశాను. నడుము విరిగింది.

"గిటియ్యి, నేను గీస్త" అని మల్లేశన్న చెయ్యి చాచాడు.

"ఎహె, అతిథివి నువ్వు, కూసో" అన్నాను. మర్యాద అంటే ఏమిటో చూడండి. పైకి పంపేటప్పుడు కూడా అతిథి చేతికి పని చెప్పలేదు. మూడో పుల్ల తీసి, నోటితో ఆవిరి ఊది వెచ్చబెట్టి, చొక్కాకు రుద్ది, ఇష్టదైవాన్ని తలుచుకొని, పెట్టెకు ఆనించాను.

వీధి తలుపు తెరుచుకుంది.

"ఏయ్! చెయ్యి ఆపు!"

వదిన. వెనక రాధికతో గుమ్మం మీదే నిలబడి ఉంది. ముక్కుపుటాలు అదిరాయి, కళ్లు పెద్దవయ్యాయి. వచ్చిన వేగానికి నా చేతిలోని అగ్గిపెట్టె ఎలా ఎగిరిందో నాకు తెలియదు. తర్వాత అది ఫిష్ ట్యాంకులో దొరికింది.

"ఒదినా, గది ఉత్తరం గాలి, జవహర్‌నగర్..."

"జవహర్‌నగర్ కాదు, నీ నెత్తి! గ్యాసు! ఇల్లంత గ్యాసే! కిటికీలు ఎవరు మూసిన్రు?"

మల్లేశన్న నా వైపు చూపుడువేలు చాచాడు. పసిపిల్లలు కూడా అంత త్వరగా స్నేహితుణ్ని పట్టివ్వరు.

వదిన పైట ముక్కుకు అడ్డం పెట్టుకొని వంటింట్లోకి దూసుకుపోయింది. అల్మారా తెరవగానే 'సుయ్' మన్న చప్పుడు హాల్లోకి వినిపించింది. నాబ్ తిప్పిన శబ్దం. కిటికీ చిలుకు లాగిన శబ్దం. అక్కణ్నుంచే హుకుంలు: "స్విచ్చిలు ముట్టకుండ్రి! కరెంటు వచ్చినా ముట్టకుండ్రి! నువ్వు గుడ్లు మిటకరిచి సూస్తవేంది, ఉర్కు, కిందికి పోయి మీటర్ల కాడ మెయిన్ బంద్ వెట్టు! పొయ్యేటప్పుడు అందరి దర్వాజలు కొట్టుకుంట పో, బెల్లు నొక్కకు!"

ఆ 'గుడ్లు మిటకరిచిన' మనిషి మల్లేశన్న. అంబర్‌పేట్‌లో బస్సు వెంట కూడా పరుగెత్తని మనిషి, మెట్లు కాదు, మెట్ల మధ్య గాలిని తొక్కుకుంటూ దిగిపోయాడు.

"నువ్వు నా చెల్లెను తీసుకొని దిగు!" అంది వదిన నాతో.

ఆ క్షణంలో నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. ఇల్లు పేలబోతోందంటే మనిషి తనకు అత్యంత ప్రియమైనదాన్ని చేతుల్లోకి తీసుకొని పరుగెత్తుతాడట. నేనూ తీసుకొని పరుగెత్తాను. కింద రోడ్డు మీదకు వచ్చాక చూసుకుంటే నా రెండు చేతుల్లో కోడికూర గిన్నె ఉంది.

రాధిక నా వెనకే దిగి వచ్చింది. గిన్నెను చూసింది. నన్ను చూసింది. తర్వాత దిగిన వాళ్లక్కతో ముక్కుదిబ్బడ గొంతుతో అంది, "సూడక్కా. నన్ను ఇడిసివెట్టి కోడికూర వట్టుకొచ్చిండు."

"మూత గూడ వెట్టుకొచ్చిండే" అంది వదిన. "గంత జాగ్రత్త సిలిండర్ మీద ఉంటే మనకీ గతి పట్టకపోవు."

బిల్డింగు మొత్తం రోడ్డు మీద ఉంది, ఆ సన్నటి తుంపరలో. కొందరు నైటీల మీద తువ్వాళ్లు కప్పుకున్నారు. సగం గడ్డం గీసుకున్న ఒకాయన ఆ సగం గడ్డంతోనే నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు చురుక్కుమంటుంది. వదిన గ్యాస్ లీకుకు పిలిచే నంబరుకు ఫోన్ చేసింది, అదీ బయటికి వచ్చాకే. ఇక వాళ్ల మనిషి వచ్చే దాకా విచారణ నడిచింది. జడ్జి వదిన. ముద్దాయి చేతిలో కోడికూర.

"నాబ్ బంద్ వెడ్తె సప్పుడు ఆగింది. అంటే మూతి కాడనే లీకు. సిలిండర్ మూతి లోపల నల్ల రబ్బరు రింగు ఉంటది, అది ఉన్నదా?"

నేను ఆకాశం వైపు చూశాను.

"మరిదీ, నిన్నే."

"ఉండె ఒదినా."

"ఉండె అంటే?"

"ఏదో చెత్త ఇరుక్కున్నదనుకొని... పిన్నీసుతోని తీసేసిన."

గడ్డం సగం గీసుకున్నాయన "రామ రామ" అన్నాడు. రాధిక రెండు చేతుల్తో ముఖం మూసుకుంది.

"తీసి ఎక్కడ వెట్టినవ్?"

"చెత్తబండిలో ఏసిన. ఈ పాటికి జవహర్‌నగర్ చేరుంటది."

అప్పుడు మల్లేశన్న, "అంటే మన రింగు వాళ్లకు పంపి, మన కంపుకు వాళ్ల మీద కేసు వెట్టినవన్నమాట" అన్నాడు. మొత్తం వీధి గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది సగం గడ్డమే.

నవ్వి నవ్వి మల్లేశన్న గాలి కోసం ఒక్కసారి గట్టిగా పీల్చాడు. పీల్చి ఆగిపోయాడు. ముక్కు మళ్లీ రాడార్ అయింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది.

"తమ్మీ, ఇప్పుడేందో వేరే వాసన."

"ఏం వాసనన్నా?" అని కోడికూర గిన్నెను దగ్గరికి హత్తుకున్నాను.

"వెన్న బిస్కెట్లు. వేడి వేడివి." కళ్లు మూసుకొని ఇంకోసారి పీల్చాడు. "బయట మంచిగనే ఉన్నది గదరా! కంపంతా మీ ఇంట్లనే!"

గ్యాస్ మనిషి వచ్చాడు, కొత్త రింగు వేశాడు, సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూపించాడు, పోయాడు. వదిన మాత్రం పోలేదు. కరెంటు వచ్చే లోపు మా వంటింటినంతా తనిఖీ చేసింది. అల్మారా తలుపులు లాగి చూసింది.

"దీంట్ల సిలిండర్ వెట్టుమని ఎవడు చెప్పిండు? గ్యాసు బరువుంటది, కిందనే పారుతది. గాలాడే సందు గూడ లేదు."

"అందం పోతదని..."

"అందం! రేపు కర్రపని ఆయనను పిలిచి ముందు గీ తలుపులు ఊడవీకించు. గీ పైపు చూడు, పగుళ్లు వారింది. మీ పెండ్లికి వెట్టిన పైపా ఏంది గిది?"

"కొంచెం ముందుది" అన్నాను నిజాయితీగా.

"ఇంకో సిలిండర్ పండవెట్టినట్టు మరక కనవడ్తున్నది. పండవెట్టినవా?"

"దానికి గూడ జర ఆరాం ఉండాలె గదా ఒదినా."

వదిన నా వైపు చూసి, ఇక నాతో మాట్లాడటం మానేసి, మిగతావన్నీ గోడకు చెప్పింది. సిలిండర్‌ను నిలబెట్టాలని, పని అయిపోయాక నాబ్ బంద్ చేయాలని, వాసన వస్తే తెరవాలి గాని మూయకూడదని. గోడ నాకంటే శ్రద్ధగా వింది.

భోజనాలయ్యాయి. కోడికూర ప్రాణాలతో బయటపడ్డందుకు అందరూ నాకు కృతజ్ఞతలు చెబుతారేమో అనుకున్నాను. చెప్పలేదు. రాధిక వడ్డించిన వాళ్లకే మళ్లీ మళ్లీ వడ్డిస్తోంది. ఆమె ఎవరి ముఖమూ చూడటం లేదు. అక్క ఇక రాదని ఆమెకు అర్థమైపోయింది. ఇంత జరిగాక ఎవరొస్తారు? ఆమెను అలా చూస్తే నాకు ముద్ద దిగలేదు. నమ్మండి, ఆ రోజు నేను ఒక కాలు తక్కువే తిన్నాను.

మల్లేశన్న చెయ్యి కడుక్కొని చెప్పులేసుకోబోయాడు. "ఇగ పోదాం సువర్ణా. ఉప్పల్‌ల ఇంకో ఇల్లుందట, పొయ్యేటప్పుడు సూద్దాం."

"ఉప్పల్ ఎందుకు?" అంది వదిన. "ఇల్లు ఖాయమైంది."

"ఏ ఇల్లు?"

"గదే. పక్కది."

మల్లేశన్న ముక్కు ఎర్రబడింది. "నీకు మతి ఉన్నదా? గోడవతల గీ మనిషిని వెట్టుకొని ఎట్ల పండుకోవాలె? పటాకుల దుకాణం పక్కన పండుకున్నట్టు ఉంటది!"

"గందుకేనయ్యా. గీ మనిషి తోని నా చెల్లెను ఒక్కదాన్ని ఇడిసివెట్టి పోతే, అంబర్‌పేట్‌ల నాకు కన్ను మూతవడ్తదా? వాసనొస్తె కిటికీలు మూసే మనిషి! పక్కన నేనుంటెనే అది పానంతోని ఉంటది."

"మరి నా ముక్కు సంగతి?"

"బయట బిస్కెట్ల వాసన అన్నవ్ గదా, ఇప్పుడే. పీల్చుకో."

రాధిక పళ్లెం అక్కడే పెట్టి వదినను వాటేసుకుంది. ఏడ్చింది. ఆ ఏడుపుకు వారం నుంచి మూసుకుపోయిన ముక్కు తెరుచుకుంది. మొదటి శ్వాసతో ఆమె అన్న మాట, "అబ్బ, ఇల్లంత ఏం వాసనే అక్కా!"

అలా, ఊటీ కబుర్లతో నేను తీసుకురాలేని సడ్డకుణ్ని, నా మూర్ఖత్వం చేతులు పట్టుకొని తీసుకొచ్చి పక్కింట్లో కాపురం పెట్టించింది. ఊళ్లో అల్లుళ్లు ఎంతోమంది తెలివితో అత్తింటివాళ్లను మెప్పించి ఉంటారు. తెలివితక్కువతనంతో ఒక కుటుంబాన్ని అంబర్‌పేట్ నుంచి కదిలించిన ఘనత మాత్రం నాదే.

ఇప్పుడు వదినావాళ్లు గోడవతలే ఉన్నారు. అల్మారా తలుపులు ఊడిపోయాయి, సిలిండర్లు రెండూ వెలుతురులో నిటారుగా, బడిపిల్లల్లా నిలబడ్డాయి. కొత్త పైపు మెరుస్తోంది. పడుకునే ముందు వదిన వచ్చి నాబ్ చూసి పోతుంది. పోతూ, నాబ్ కంటే ముందు నన్ను బంద్ చేయాలన్నట్టు ఒక చూపు చూస్తుంది.

కాబట్టి చదువరులారా, సమస్త నాచారం, ఉప్పల్ ప్రజల సమక్షంలో, బగారా అన్నం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు గ్యాస్ సిలిండర్ నాకు పరస్త్రీ. కన్నెత్తి చూడను, వేలెత్తి ముట్టను, దాని రబ్బరు రింగు ఊసెత్తను. అది మూలిగినా, నిట్టూర్చినా, ప్రాణం విడిచినా నా చేతులు నా జేబుల్లోనే ఉంటాయి. మొన్న పొద్దున చాయ్ మధ్యలో మంట ఆరిపోయింది. రాధిక స్నానానికి పోయింది. చాయ్ లేకపోతే నాకు తల పగిలిపోతుందని మీకు తెలుసు. అయినా ప్రమాణం తప్పలేదు. వంటింటి గుమ్మం అవతలే నిలబడి, చెయ్యి చాచి, గోడ మీద మెల్లగా తట్టాను.

అవతల నుంచి వదిన గొంతు గోడను చీల్చుకొని వచ్చింది.

"ముట్టకు! వస్తున్న!"